రెండు గిన్నెల టీ అన్నం

నాకు మొహమాటం తక్కువ, నోరు ఎక్కువ. 2008లో, అమెరికాలోని నోవైలో నా మొదటి చలికాలం గట్టెక్కింది ఆ రెంటివల్లే. మా ఆయన పొద్దున్నే కారు మీది మంచు గీకి ఆఫీస్‌కి పోయేవాడు. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చెయ్యకూడదు. కింది అపార్ట్‌మెంట్‌లో జపాన్ బామ్మ ఒకావిడ ఒంటరిగా ఉండేది. ఉప్పు అయిపోయిందని చెప్పి ఒకరోజు ఆవిడ తలుపు కొట్టాను. మా ఇంట్లో ఉప్పు డబ్బా నిండుగానే ఉంది. మాట్లాడే మనిషే లేదు.

ఆవిడ ఒకప్పుడు క్యోటోలో గీషా. ఆ మాటకి నేను కళ్ళింత చేసుకుంటే, "అందరూ ఏదేదో అనుకుంటారు" అని నవ్వింది. వాళ్ళ టీ హౌస్‌లో అమ్మేది టీ కాదట. తెలిసినవాళ్ళు వెంటబెట్టుకొస్తే తప్ప, ఎంత గొప్పవాడినైనా గుమ్మం ఎక్కనివ్వరట. లోపలికొచ్చినవాళ్ళకి పాట, నాట్యం, కబుర్లు, భోజనం. గీషా పక్కన కూర్చుని గిన్నెలు నింపాలి, నవ్వించాలి, మూడు తీగల వాయిద్యం వాయించాలి. వాళ్ళతో కలిసి ముద్ద మాత్రం ముట్టకూడదు.

"పదేళ్ళు ఎదుటివాళ్ళు తింటుంటే చూశాను. ఖాళీ కడుపుతో నవ్వాను" అంది. తర్వాత ఒక అమెరికన్ సైనికుణ్ణి పెళ్ళి చేసుకుని ఈ దేశం వచ్చేసింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కూతురు చికాగో దగ్గర ఉంటోంది.

"ఆ లెక్కన నన్ను కూడా రానివ్వకూడదుగా? నన్నెవరూ పరిచయం చెయ్యలేదు" అన్నాను.

"నిన్ను ఉప్పు పరిచయం చేసింది" అంది.

అప్పట్నుంచి ప్రతి బుధవారం వెళ్ళేదాన్ని. కబుర్లన్నీ అయ్యాక, "టీ అన్నం తింటావా?" అని అడిగేది. రెండు గిన్నెల్లో వేడన్నం పెట్టి, పైన ఆకుపచ్చ టీ పోసి, పక్కన ఊరగాయ ముక్క వేసేది. మన భోజనంలో ఆఖరి మజ్జిగన్నం లాంటిదే. నేను మారు వడ్డించుకుని తినేదాన్ని. ఒకసారి మా అమ్మ పంపిన ఆవకాయ పట్టుకెళ్ళాను. ముక్క కొరికి, కారానికి కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ ఇంకో ముక్క అడిగింది.

మార్చిలో లైబ్రరీలో ఇంగ్లీష్ క్లాస్‌కి వెళ్తుంటే, అక్కడొక జపాన్ ఆవిడ కలిసింది. ఆవిడ దగ్గర ఈ సంగతంతా గొప్పగా చెప్పాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"క్యోటోలో టీ అన్నం తింటారా అని అడిగితే, ఇక బయల్దేరండి అని అర్థం. మీరు నిజంగా తిన్నారా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పాపం, ఆవిడ అన్ని నెలల్నించి గెటౌట్ అంటోంది! నువ్వేమో పికిల్ తీస్కెళ్ళి మరీ సెటిల్ అయ్యావు."

నాకు నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ పిలవని పేరంటానికి వెళ్ళానని సిగ్గేసింది. సూటిగా చెప్పొచ్చుగా అని ఆవిడ మీద కోపం కూడా వచ్చింది.

ఆ బుధవారం ఆవిడ గిన్నెల్లో అన్నం పెట్టగానే లేచి నిలబడ్డాను. "ఐ విల్ గో అండ్ కమ్" అన్నాను. మన 'వెళ్ళొస్తాను'కి నా ఇంగ్లీషు అది.

"ఆకలి లేదా?"

"పనుంది."

టీ కెటిల్ చేత్తో పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. తర్వాత గుమ్మం దాకా వచ్చి, నడుం వంచి సాగనంపింది. వడ్డించిన విస్తరి ముందునుంచి లేవకూడదని మా అమ్మ వందసార్లు చెప్పింది. నాకు ఆ రోజు అమ్మ మాటకన్నా లైబ్రరీ మాటే ఎక్కువైంది. తర్వాతి రెండు బుధవారాలూ అలాగే లేచొచ్చేశాను. ఆ పై వారం అసలు వెళ్ళనే లేదు.

మళ్ళీ బుధవారానికి కింద పార్కింగ్‌లో అట్టపెట్టెలు కనబడ్డాయి. ఆవిడ కూతురు సామాను సర్దుతోంది. వాళ్ళమ్మ ఆదివారం గుండెపోటుతో పోయిందట.

"టీ అన్నం అంటే అర్థం తెలీక మీ అమ్మగారిని చాలా విసిగించాను" అన్నాను.

ఆమె చేతిలో పెట్టె కింద పెట్టింది. "ఆ పిల్లకి ఎవరో క్యోటో మర్యాదలు నేర్పేశారు అని అమ్మ ఫోన్‌లో నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది."

"మరి నన్ను కూర్చోమనొచ్చుగా!"

"లేచిన గెస్ట్‌ని ఆపడం అమ్మకి చేతకాదు. నేర్చుకున్న పద్ధతి అది. నాన్న పోయాక బ్రెడ్‌తో సరిపెట్టుకునేది. నువ్వొస్తావని బుధవారం ఒక్కరోజే అన్నం వండేది."

లోపలికి రమ్మంది. సింక్ పక్కన గిన్నెలు రెండూ కడిగి బోర్లించి ఉన్నాయి. వాటిని చూశాక గాని నా బుర్రకి ఎక్కలేదు. పొమ్మనాలనుకున్నవాళ్ళు మాటవరసకి అడుగుతారంతే, తమకి కూడా గిన్నె పెట్టుకుని కూర్చోరు. ఆవిడ ఎప్పుడూ రెండు పెట్టింది.

ఆ సింక్ పట్టుకుని పైకే ఏడ్చాను. పదేళ్ళు ఎవరితోనూ ముద్ద ముట్టని మనిషి, నా ఎదురుగా కూర్చుని, నాతో తింది. ఆ ఎదుటి కుర్చీలోంచి నేను మూడుసార్లు లేచి వచ్చేశాను.