గోల్ దగ్గర్నుంచి

సీజన్ ముగిశాక ఫుట్‌బాల్ జట్టులో ఎక్కడెక్కడ కొత్తవాళ్లు కావాలో తేల్చడానికి కోచ్ ఏటా మీటింగ్ పెడతాడు. ఎప్పుడూ ఫార్వర్డ్‌ల దగ్గర మొదలుపెడతాడు. గోల్‌కీపర్ దాకా వచ్చేసరికి అందరికీ ఆకలేసి లేవడానికి కుర్చీలు జరుపుతారు. ఆ ఆకలే కోచ్ తమ్ముణ్ణి ఇన్నేళ్లూ గోల్లో నిలబెట్టింది. సంగతి అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండటమే అలవాటైపోయింది.

"ఈసారి గోల్ దగ్గర్నుంచి వద్దాం సార్," అన్నాడు క్లబ్ ప్రెసిడెంటు.

కోచే లేచి బోర్డు మీద తమ్ముడి పేరు తుడిచాడు. తర్వాత డిఫెన్స్ గురించి, మిడ్‌ఫీల్డ్ గురించి చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో తనకే గుర్తులేదు.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు పెరట్లో గ్లవ్స్ ఉతికి తీగ మీద ఆరేస్తున్నాడు.

"ఏమైందన్నయ్యా? ఫార్వర్డ్‌ని మార్చేస్తున్నారా?"

"ఈసారి గోల్ దగ్గర మొదలెట్టాంరా."

తమ్ముడు క్లిప్పు పెట్టబోయి ఆగాడు. గ్లవ్స్ మళ్లీ తీసి, గట్టిగా పిండి, అన్న చేతిలో పెట్టాడు.

"వచ్చేవాడికి సరిపోతాయేమో చూడు. మొన్న కొన్నవే."

ఇప్పుడైనా తనకు బాధేస్తుందేమోనని కోచ్ అక్కడే నిలబడి చూశాడు. చెయ్యి తడిసింది, అంతే.