చీటీలో రాయని అంకెలు

మా ఆయన ఫణిభూషణ్‌ది ఏలూరు. తొంభై ఆరులో మేడ్చల్‌లో రక్తపరీక్షల ల్యాబు పెట్టారు. సూది గుచ్చినవాడల్లా డాక్టరే ఆ ఊరికి. ఎవరైనా "డాక్టర్ సాబ్" అంటే ఆయన మీసం కింద నవ్వు దాచుకునేవారు. నాకు కనబడదనుకునేవారు పాపం.

కొత్త మిషను కొన్నాక, చుక్క రక్తానికి అది మూరెడు కాగితం కక్కేది. ఈయన అందులోంచి హిమోగ్లోబిన్ ఒక్కటే చీటీ మీద రాసిచ్చి, కాగితాన్ని ఫైలులో పడేసేవారు. అడిగేది అదొక్కటే కదా, మిగతా అంకెలు ఎవరికి కావాలి అని.

2002లో సిటీలో ఒకరోజు శిక్షణకి వెళ్లొచ్చారు. ఎర్రకణాలు చిన్నవిగా ఉండి లెక్కకి మాత్రం ఎక్కువగా ఉంటే తలసీమియాని అనుమానించాలట. మొగుడూ పెళ్లాలిద్దరి రక్తంలోనూ అది దాగుంటే, పుట్టే బిడ్డకి జన్మంతా నెలనెలా రక్తం ఎక్కించాల్సి రావచ్చట. వచ్చీ రాగానే కాళ్లయినా కడుక్కోకుండా పాత ఫైళ్లు ముందేసుకున్నారు. గుండ్లపోచంపల్లి అంజయ్యగారి కూతురు అశ్రితదీ, ఆమె భర్త అన్వేష్‌దీ రెండు కాగితాల్లోనూ అంకెలు అలాగే ఉన్నాయి. మేనరికం. అశ్రితకి అప్పుడు మూడో నెల.

"రేపే వెళ్లి చెప్తాను" అన్నారు.

"ఇన్నాళ్లూ కళ్లు మూసుకున్నానని మీ నోటితో మీరే చెప్తారా? ఇక ల్యాబుకి తాళమే" అన్నాను. అన్నది నేనే. ఇప్పుడు దాచి ఏం లాభం, తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

రేపు, ఎల్లుండి అంటూ రెండున్నర నెలలు గడిపేశాం. చివరికి వెళ్లి, నిన్ననే తెలిసినట్టు చెప్పొచ్చారు. పెద్దాసుపత్రిలో ఇద్దరికీ ఉందని తేల్చారు. కడుపులో బిడ్డని పరీక్షించే గడువు మాత్రం దాటిపోయిందన్నారు. పాప పుట్టింది. దానికి ఎనిమిదో నెల వచ్చినప్పటి నుంచే రక్తం ఎక్కించడం మొదలైంది.

పాపకి ఏడాది నిండిన రోజు అంజయ్యగారు మిఠాయి పట్టుకుని మా ఇంటికొచ్చారు.

"ఎవ్వలు జెప్పలే సాబ్, నువ్వే జెప్పినవ్. జల్దీ సూపిచ్చుకున్నం గాబట్టి పిల్ల దక్కింది. ఇంకింత ముందుగాల ఎరుకైతే నువ్వు గప్పుడే జెప్తుంటివి గద!"

మా ఆయన నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

"చెప్పేవాణ్ణే, అంజయ్యగారూ" అన్నారు.

ఆ పెద్దాయన ఈయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నారు. మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లిన నేను, ఆయన వెళ్లిపోయేదాకా బయటికి రాలేదు.