ఏసమ్మత్త తాగలేదు

మా ఏసమ్మత్త జన్మలో కల్లు ముట్టలేదు. ముందే ఎందుకు చెబుతున్నానంటే, డెబ్బై ఎనిమిదిలో మా ఊరు ఊరంతా ఆవిడను తాగుబోతు అంది. తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొవ్వూరు దగ్గర మా ఊళ్ళో ఊడ్పుల ముఠాకు ఆవిడే మేస్త్రి. మేస్త్రి గట్టు పక్కన వెనక్కి నడుస్తూ నాటుతుంది. మిగతా ఆడవాళ్ళం ఆవిడను చూసుకుంటూ జరుగుతాం. ఆ రోజు పొద్దున అత్తకు కళ్ళు తిరిగాయి, వాంతైంది. అయినా చేలోకి దిగింది. అడుగడుక్కీ ఎడమకు తూలింది. మేస్త్రిని దిద్దడం మాలో లేదు, అందుకని ఇరవైమందిమీ ఆవిడతో పాటే ఎడమకు జరిగాం. గట్టు వార చేను బోసిగా మిగిలిపోయింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ నోరు మూసుకుని జరిగాను.

రైతు చంద్రరావుగారు వచ్చి చూశారు. అప్పటికి అత్త ఎడమ రెప్ప సగం వాలింది, గొంతు బొంగురుపోయింది.

“తాగొచ్చి నా చేలో దిగుద్దా ఇది?” అన్నారు, అందరి ముందూ. ఆ పూటే మేస్త్రితనం పోయింది.

పని పోయినందుకు అత్త ఏడవలేదు. “తాగానన్నాడే. ఆ మాట ఆయన నోటితోనే వెనక్కి తీసుకోవాలి,” అని పదిరోజులు అదే పట్టు.

రెప్ప వాలింది కదా అని రాజమండ్రిలో కళ్ళ డాక్టరు శాంతికుమార్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన టార్చి వేసి చూశారు. ఎడమ కంటిపాప కుడిదానికంటే చిన్నగా ఉందట. పరీక్ష కోసమని రెండు కళ్ళలోనూ కొకైన్ మందు చుక్కలు వేసి గంటసేపు కూర్చోబెట్టారు. మళ్ళీ చూస్తే కుడి పాప బాగా విచ్చుకుంది. ఎడమది ఏమీ మారలేదు.

“నరం బాగుంటే ఈ మందుకి పాప విచ్చుకోవాలమ్మా. నీ ఎడమ కంటికి వెళ్ళే నరం పనిచెయ్యట్లేదు. మెదడు వెనకవైపు రక్తం అందక వచ్చిన పక్షవాతం ఇది. తూలడం, గొంతు పోవడం, అన్నీ దాన్నుంచే. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి,” అని చీటీ రాసిచ్చారు.

“రేపు పొద్దున్నే ఎళ్తానండి. ఈ మందు ఎంతసేపుంటదండి?” అనడిగింది అత్త.

“సాయంత్రం దాకా ఉంటుంది.”

అంతే, బస్సెక్కించి వంతెన దాటించి నన్ను ఊరికి లాక్కొచ్చింది. తిన్నగా చంద్రరావుగారి అరుగు ముందుకే. ముఠా అప్పుడే పని ముగించుకుని కూలి డబ్బులకి అక్కడికి చేరింది.

“నా కళ్ళు చూడండి.”

ఆయన వంగి చూశారు. “కుడి కన్ను చెడినట్టుందే. అంత పెద్దదైందేంటి?”

“అదే మంచిదండి. మందేసినా కదలని ఎడమదే జబ్బు కన్ను. పక్షవాతమంటండి నాకు. మీరు తాగానన్నారు.”

ఆయన చీటీ చదివారు. “సర్లే, నాకేం తెలుసు? తాగలేదులే, ఇంటికి పో.”

“తాగలేదని నాకు తెలుసండి. ఇటు తిరిగి వీళ్ళకి చెప్పండి.”

ఆయన మొహం కందగడ్డయింది. అత్త అక్కణ్ణుంచి కదిలితేగా. చివరికి ముఠా వైపు తిరిగి, “ఏసమ్మ తాగలేదు. నేనే తప్పుగా అన్నాను,” అన్నారు.

వచ్చేస్తుంటే మెట్ల దగ్గర అత్త ఎడమకు తూలి పడిపోయింది. పరుగెత్తి చెయ్యి పట్టుకోబోతే తోసేసింది.

“ఉండవే. ఇప్పుడు పడితే జబ్బుతో పడ్డట్టే. చూడనీ అందర్నీ,” అంది. నెమ్మదిగా తనే లేచి నిలబడింది.