సిస్టరమ్మ ఇంట్లో ఐదు ఆటలు

మొన్న మధ్యాహ్నం ఫోను ఛార్జరు వేడెక్కి, కమిలిన ప్లాస్టిక్ వాసన గదంతా పట్టింది. మా అమ్మాయి పరుగున వచ్చి ప్లగ్గు పీకేసి కిటికీ తెరిచింది. నేను మాత్రం కుర్చీలోంచి లేవకుండా ఆ వాసనను ఇష్టంగా పీల్చుకున్నాను. ఎనభైల చివర్లో, కాజీపేటలో, ఆదివారం మధ్యాహ్నాలు మా పక్కింటి ముందుగది నిండా ఇదే వాసన ఉండేది.

ఆ ఇల్లు రూతమ్మగారిది. దవాఖానలో ముప్పయ్యేళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. వీధంతా ఆమెను సిస్టరమ్మ అనే పిలిచేది. కువైట్‌లో పనిచేసే తమ్ముడు ఆమెకొక వీడియో గేమ్ పెట్టె పంపాడు. టీవీకి తగిలిస్తే ఐదు ఆటలు వచ్చేవి. ఒంటరిగా ఆడుకోవడం ఆమెకు నచ్చలేదు. చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక తలుపు బార్లా తీసేది. వీధి పిల్లలందరం వెళ్లి చాప మీద ఇరుక్కుని కూర్చునేవాళ్లం. గంట గడిచేసరికి ఆ పెట్టె అడాప్టరు చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. సిస్టరమ్మ రోగి నుదురు చూసినట్టు చేతి వెనకభాగంతో దాన్ని తాకి, "జొరమొచ్చింది పాపం. జర సేపు పండనియ్యుండ్రి" అనేది. అది చల్లారేదాకా మాకు పని, ఏ ఆట గొప్పదో తేల్చుకోలేక కొట్లాడుకోవడమే.

ఆటల అసలు పేర్లు మాకు తెలియవు. ట్యాంకుల ఆట, కార్ల ఆట, ఇటుకల ఆట, కప్ప ఆట అని మేమే పెట్టుకున్నాం. ఐదోది ఒకే రంగు గోళీలను ఒకచోటికి చేర్చే ఆట. సిస్టరమ్మది బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఎర్రగోళీ, ఆకుపచ్చగోళీ అన్నీ బూడిదరంగే. ఆ ఆటలో మా వీధిలో గెలిచిన మొనగాడు లేడు.

ఒక క్రిస్మస్ సెలవుల్లో సిస్టరమ్మ అందరికీ తలా ఒక గులాబీపువ్వు పిండివంట, తలా ఒక కాగితం ముక్క ఇచ్చింది. ఐదు ఆటలనూ వరుసలో పెట్టమంది. "ఒట్టిగ మంచిగుంటదని రాస్తె నడువది. ఎందుకు మంచిగుంటదో రాయాలె" అని షరతు పెట్టింది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. మా పెద్దనాయన కొడుకు రమేశన్న ఏం రాస్తున్నాడో ఓరకంట చూసి అదే దించేశాను. ట్యాంకుల ఆట ఫస్టు, కార్ల ఆట సెకండు.

సిస్టరమ్మ నా కాగితం చదివి కళ్లద్దాల పైనుంచి చూసింది. "సరళా, నువ్వు ట్యాంకుల ఆట ఎన్నడన్న ఆడినవా బిడ్డా?"

ఆడలేదు. దానికి ఇద్దరు కావాలి. రెండు జాయ్‌స్టిక్కులూ ఎప్పుడూ మగపిల్లల చేతుల్లోనే ఉండేవి. "లేదు" అన్నాను.

"మరి ఇది నీ లిస్టా, మీ అన్న లిస్టా?"

అందరూ నవ్వారు. రమేశన్న అందరికంటే గట్టిగా నవ్వాడు. ఏడుపొచ్చింది కానీ ఏడవలేదు. ఆమె ఇంకో కాగితం ఇచ్చి, "పోయి వంటింట్ల కూసోని రాసుకరా. ఎవలూ సూడరు" అంది. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. నాకు ఏది ఇష్టమో నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. చివరికి కప్ప ఆట ఫస్టు అని రాశాను. కింద కారణం: "కప్పకు తుపాకి లేదు. అయినా రోడ్డు దాటుతుంది."

సిస్టరమ్మ దాన్ని పైకి చదివింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. "గిది రీజన్ అంటె!" అని ఆ కాగితాన్ని బైబిలు పక్కన పెట్టింది. తర్వాత తన వరుస చెప్పింది. ఆమెకు ఇటుకల ఆట ఫస్టు. "వార్డుల ఒక్కొక్కలు మంచిగై ఇంటికి పోతాంటె మంచాలు ఖాళీ అయితయి సూడు, ఒక్కొక్క ఇటుక పోతాంటె నాకు గట్లనే పానం సల్లవడతది" అంది.

పదో తరగతి పాసయ్యాక మా ఇంట్లో అసలు పేచీ మొదలైంది. బాపు నన్ను డాక్టరు చదువుకు పంపాలనుకున్నాడు. అందుకు ఇంటర్‌లో బైపీసీ చేర్చాలని పెద్దనాయనా, ఆయనా మాట్లాడేసుకున్నారు. నాకేమో గీతలు గీయడం ఇష్టం. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు ఉందని విన్నాను. సిస్టరమ్మ దగ్గరికి పరుగెత్తి, "మీరు చెప్తే బాపు ఇంటడు, జర చెప్పరా" అని బతిమాలాను.

"నేను చెప్తె అది నా లిస్టయితది" అంది. పెన్నూ కాగితమూ మాత్రం ఇచ్చింది. ఆ రాత్రి నా వరుస నేనే రాసుకున్నాను.

పొద్దున బాపు డ్యూటీకి బయల్దేరే ముందు చాయ గ్లాసుతో పాటు ఆ కాగితమూ అందించాను. ఒకటి, డ్రాఫ్ట్స్‌మన్, ఎందుకంటే స్కేలు పట్టుకుంటే నాకు ఆకలి గుర్తుండదు. రెండు, ఎంపీసీ, ఎందుకంటే లెక్కలంటే భయం లేదు. మూడు, బైపీసీ, ఎందుకంటే అక్కడ కప్పను కోయమంటారు, నేను కోయలేను.

బాపు రెండుసార్లు చదివాడు. "ఆడివిల్ల ఐటీఐలనా?" అన్నాడు. చాయ చల్లారిపోయింది. అప్పుడు ఆయన మీసాల కింద నవ్వు కదిలింది. "కప్పను కొయ్యవా! మరి కోడికూర ఎట్ల తింటానవే?"

"కోసేది అమ్మ గద బాపూ."

ఆయన పగలబడి నవ్వాడు. ఆ వారమే సెలవు పెట్టి అప్లికేషను తెచ్చాడు. పెద్దనాయన నెలరోజులు మా ఇంటికి రాలేదు. క్లాసులో ఇద్దరమే ఆడపిల్లలం. మొదటి ఏడాది ఒక పేపరు తప్పి మళ్లీ రాశాను. అయినా పక్కవాళ్లది చూసి దించిన గీత ఒక్కటీ లేదు.

కొన్నేళ్లకు సిస్టరమ్మ ఏటూరునాగారంలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. నేను గీసిన మొదటి వంతెన నక్ష కాపీ తీసుకుని చూడబోయాను. తిప్పి తిప్పి చూసి, "నాకేం సమజ్ కాలేదు బిడ్డా, గని గీతలు మాత్రం నిటారుగున్నయి" అంది. అదే ఆఖరిచూపు.

ఇరిగేషన్ ఆఫీసులో ముప్పయ్యేళ్లుగా నక్షలు గీస్తున్నాను. ఈమధ్య తొర్రూరు వైపు ఒక కాలువకు తూము ఎక్కడ పెట్టాలన్న చర్చ వచ్చింది. పెద్దసారు అందరినీ అడిగి, చివర్లో మాటవరసకు నావైపు తిరిగి, "మీరేమంటరమ్మా?" అన్నారు. గదిలో అందరూ ఒకేచోటు చెప్పారు. నేను ఇంకోచోటు చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. వాళ్లు ఒప్పుకోలేదు. నేనేమీ నొచ్చుకోలేదు, చెప్పింది రాసి ఫైలులో పెట్టాను. నా మాట, దాని కింద నా కారణం, ఆ ఫైలులో నా చేతిరాతతోనే ఉన్నాయి.