పక్కన ఎవరో అందిస్తున్నారట!

ఫోన్ తెరిచి చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. నేను పంపిన రికార్డింగు కింద ఎర్రటి అక్షరాలు: ‘చెల్లదు. పక్కన ఎవరో జవాబులు అందిస్తున్నారు.’

అందించడమట! ఎవరందించారు? జవాబు చెప్పినామె అత్తా? ఆ ముసలమ్మ పుట్టి బుద్ధెరిగి బడి గడప తొక్కలేదు.

ఇంటి దగ్గరే ఉండి చదువుకుని పదో తరగతి రాసే పెద్దవాళ్ళకు పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. దమ్మపేట దాటి అడవి వైపు వెళ్తే వచ్చే పల్లెలన్నీ నా స్కూటీకి తెలుసు. ఆదివారాలు పాఠం చెప్పాలి, ఎవరి చదువు ఎంతవరకు వచ్చిందో యాప్‌లో రిపోర్టు పెట్టాలి. రాత పరీక్షలు సెంటర్లో అయిపోతాయి. నోటి పరీక్షకు మాత్రం నేనే వాళ్ళ ఇంటికి వెళ్ళి, ప్రశ్న అడిగి, జవాబు ఫోన్లో రికార్డు చేసి పంపాలి. జిల్లా ఆఫీసులో ఒక సారు విని మార్కులు వేస్తాడు. ఆయన మనిషిని చూడడు, ఊరిని చూడడు, గొంతు వింటాడంతే.

ఆ రికార్డింగులో మాట్లాడినామె వాళ్ళ ఊరి అంగన్‌వాడీలో ఆయా. పిల్లలకు వండిపెట్టేది, ముక్కులు తుడిచేది, టీచరు రాని రోజు పాటలూ తనే పాడించేది. ఆ టీచరు మానేసింది. పది పాసైతే ఆ పోస్టు నీదేనని అందరూ ఆమెకు ఆశ పెట్టారు. దరఖాస్తుకు గడువు దగ్గర పడింది. రాత పరీక్షలన్నీ ఎలాగో గట్టెక్కింది. మిగిలింది ఈ ఒక్క నోటి పరీక్ష.

మొదటిసారి ఎంత బాగా చెప్పిందో! తాగే నీళ్ళు ఎలా పాడవుతాయి, ఎలా కాపాడుకోవాలి అన్నది ప్రశ్న. అరుగు మీద కూర్చుని గడగడా చెప్పింది. పక్కనే అత్త తునికాకు కట్టలు కడుతూ, కోడలి మాట ముగిసినప్పుడల్లా ‘ఊఁ’ అంది. ఆ ఊళ్ళో మనిషి మాట్లాడుతుంటే పక్కనున్నవాళ్ళు ఊ కొట్టాల్సిందే. కొట్టకపోతే అలిగారని అర్థం. అత్త నోరు మూసుకుని కూర్చుంటే, ఇంట్లో ఏదో గొడవైందని తెల్లారేసరికి ఊరంతా పాకుతుంది.

సిగ్నల్ కోసం నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళి, ఆఫీసు సారుకు ఫోన్ చేశాను.

“సార్, అది అందించడం కాదు. ఊ కొట్టడం.”

“ఊఁ.”

“ఇక్కడి అలవాటు సార్. ఎవరు మాట్లాడినా ఊ కొడుతూనే ఉంటారు.”

“ఊఁ... చెప్పండి.”

“ఇప్పుడు మీరు చేస్తున్నదీ అదే కదా! నాకేమైనా అందిస్తున్నారా సార్?”

అలా అన్నందుకు నేనేం నాలుక కరుచుకోలేదు.

“రెండో గొంతు వినిపించకూడదు మేడం. రూలు నేను పెట్టింది కాదు. సాయంత్రంలోగా ఇంకోసారి పంపండి. తర్వాత యాప్ తీసుకోదు” అని పెట్టేశాడు.

మళ్ళీ అదే అరుగు. అత్తను పెరట్లోకి వెళ్ళమన్నాను. ముసలమ్మ ముఖం చిన్నబోయింది.

“నేనేం జేసిన బిడ్డా? నా కోడలి సదువు నేను జెడగొడతనా?”

ఏమని చెప్పను? రూలు అన్నాను. ఆమె ఆకు కట్టలు ఎత్తుకుని పశువుల కొట్టం వైపు వెళ్ళింది.

కోడలు మొదలుపెట్టింది. ఒక మాట చెప్పి నా ముఖంలోకి చూసింది. నేను నోరు విప్పకూడదు కదా, తల ఊపాను. ఇంకో మాట చెప్పి ఆగిపోయింది.

“ఏంది మేడం, ఊ అంటలేరు? తప్పు జెప్పిన్నా?”

అదీ రికార్డయింది. చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ అక్కడే ఆగింది. మెడ నొప్పి పుట్టేలా తల ఊపినా లాభం లేకపోయింది.

“గోడకు జెప్పినట్టున్నది మేడం. నాకు మాట వస్తలేదు” అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొద్దు వాలిపోతోంది. ఆ ఫోన్ తీసుకెళ్ళి వాగులో పారేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

ఆఖరుసారి నొక్కాను. చెరువు నీళ్ళ దాకా వచ్చి మళ్ళీ తడబడింది. అంతలో కొట్టంలోంచి, గట్టిగా, “ఊఁ!”

ఆమె ముఖం విప్పారింది. ఇక ఆగితే ఒట్టు! చెరువులో బర్రెలను కడగడం, బోరింగు చుట్టూ బురద, వాగు ఇసుకలో తోడుకునే చెలిమ నీళ్ళు కూడా కాచి తాగడం, అన్నీ చెప్పేసింది. కొట్టంలోంచి ఊ వినిపిస్తూనే ఉంది. ఆపాల్సిన నా వేలు ఆపలేదు. అలాగే పంపించాను. రిపోర్టులో, పరీక్ష తీసుకున్నవారి అభిప్రాయం అన్న చోట, ‘ఊ కొట్టింది అత్త, జవాబు చెప్పింది కోడలు’ అని రాశాను. ఏం చేసుకుంటారో చేసుకోండి అనుకున్నాను.

దరఖాస్తు గడువు ముగిసేలోపే ఫలితం వచ్చింది. కాగితం ప్రింటు తీయించి నేనే పట్టుకెళ్ళాను. ఆమె దాన్ని అరుగు మీద పెట్టుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ పైకి చదివింది. పక్కన అత్త ఎప్పటిలాగే ఆకులు సర్దుతోంది.

“ఉత్తీర్ణురాలు... అంటే పాసే గదా మేడం!”

“పాసే” అన్నాను. ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే కింద ఇంకో వరుస ఉంది. ఆ సారు పాస్ చేశాడు కానీ ఊరికే వదల్లేదు. పోస్టుకు దరఖాస్తు పెట్టేదీ ఆ కాగితంతోనే. పోస్టు ఇచ్చే పెద్దలు చదివేదీ దాన్నే.

ఆమె ఆ వరుస కూడా చదివింది.

“మాట్లాడేటప్పుడు... ఇతరుల మీద... ఆధారపడుతుంది.”

తలెత్తి నన్ను చూసింది.

“ఇది మంచి మాటేనా మేడం?”

ఆకు కట్టల దగ్గర్నుంచి తల ఎత్తకుండానే అత్త అంది, “ఊఁ.”