పెద్దతిమ్మప్ప నిలబెట్టిన బండ

మూడేళ్ల హైస్కూలు చదువును కరియమ్మ నాలుగేళ్లు చదివింది. ఫెయిలయ్యి కాదు, ఆ మాట ఎవరన్నా అంటే ఇప్పటికీ ఊరుకోదు. తప్పంతా వాళ్ల నాయన పెద్దతిమ్మప్పది.

కన్నడనాట నాగలమడిక అవతల, తెలుగు మాట్లాడే వాళ్ల పల్లెలో హైస్కూలు కొత్తగా పెట్టిన రోజులవి. సర్కారు మేష్టర్లను ఇచ్చి, గోడల సంగతి మీరే చూసుకోండంది. ఇంటికొక రాతిబండ తెచ్చి గోడగా నిలబెట్టి, దానిమీద ఎవరి పేరు వాళ్లు చెక్కించుకున్నారు. గొర్రెలు కాచుకునే పెద్దతిమ్మప్పకు అక్షరం ముక్క రాదు. అందుకని తన మందకు వేసే గుర్తునే చెక్కించాడు: ఒక గొర్రె చెవి, దాని కొసన రెండు కోతలు. తప్పిపోయిన గొర్రె చెవికి ఆ కోతలుంటే చాలు, ఎవరైనా ఆయన దొడ్డికే తోలేవారు.

మరునాడు కూతుర్ని తీసుకెళ్లి ఎనిమిదో తరగతిలో కూర్చోబెట్టి, మంద వెంట వెళ్లిపోయాడు. హాజరులో తన పేరు రాకపోతే, ఆడపిల్లలను పిలవరేమో అనుకుంది కరియమ్మ. క్లాసులో ఆడపిల్ల ఆమె ఒక్కతే మరి! ఏడాది చివర పరీక్షల జాబితాలోనూ ఆమె పేరు లేదు.

హెడ్‌మాస్టరు కేశవమూర్తి పెద్దతిమ్మప్పను పిలిపించాడు. "పాపను స్కూల్లో చేర్పించలేదేందప్పా? పేరు రాయించల్ల గదా?"

"మా బండ ఆడ నిలబెట్టినాను గదా సారూ, మల్లా పేరెందుకు?" అన్నాడు పెద్దతిమ్మప్ప.

హెడ్‌మాస్టరుకు నవ్వాగలేదు, కరియమ్మకు ఏడుపాగలేదు. మళ్లీ ఎనిమిదిలో కూర్చుంది. నాయనతో నెల్లాళ్లు మాట్లాడలేదు. తర్వాత ఎస్సెస్సెల్సీ పాసై, అంగన్‌వాడీ టీచరై, ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించి రిటైరయింది. నాయన పోయి చాలాకాలమైంది. ఆయన మంద మేసిన బీడు నిండా ఇప్పుడు సోలారు పలకలే. ఆమెకు ఏ లోటూ లేదు.

కానీ మొన్న వేసవిలో పాత స్కూలు తీసేసి కొత్తది కడుతున్నారని, బండలు పగలగొట్టి పునాదిలో వేస్తారని తెలిసి కాలు నిలవలేదు. రిజిస్టరుకెక్కని ఆ ఏడాదికి మిగిలిన గుర్తు ఆ బండ ఒక్కటే.

ఆమె వెళ్లేసరికి సగం బండలు పగిలిపోయాయి. మిగిలినవాటి మీద ఏళ్ల తరబడి కొట్టిన సున్నం. కొంగు దోపుకుని కొబ్బరిపీచుతో ఒక్కొక్కటే రుద్దింది. పేర్లు బయటపడ్డాయి గానీ చెవి కనపడలేదు. చేతులు బొబ్బలెక్కాయి.

"ఇంకొక్కటే ఉండాదక్కా," అన్నాడు మేస్త్రీ, సమ్మెట పక్కన పెట్టి.

ఆ ఒక్కటే! సున్నం పెళ్లలు రాలి చెవి, రెండు కోతలు బయటికొచ్చాయి. కరియమ్మ కోతల్లో వేళ్లు పెట్టి చూసుకుంది. ఎన్నాళ్ల కోపమో, అప్పుడు పూర్తిగా పోయింది.

హెడ్‌మిస్ట్రెస్ ఆశా మేడమ్‌కు సంగతంతా చెబితే, ఆ బండను కొత్త స్కూలు గుమ్మం పక్కన నిలబెట్టించింది. చాక్‌పీసు చేతికిచ్చి, "రాయండమ్మా, మేస్త్రీ చెక్కుతాడు," అంది.

చెవి గుర్తు కింద కన్నడ అక్షరాల్లో, గుండ్రంగా, నాయన పేరు రాసి కరియమ్మ చాక్‌పీసు తిరిగి ఇచ్చేసింది.

"మరి మీ పేరు?"

"మా నాయన బండ ఈడ ఉండాది గదా మేడమ్," అంది కరియమ్మ కళ్లు తుడుచుకుంటూ, "మల్లా నా పేరెందుకు?"