భయంగా ఉందని చెప్పడం

శింగనమలలో ఒక ప్రైవేటు బడిలో నేను తెలుగు చెబుతాను. నా భర్త ఇళ్లకు రంగులు వేస్తాడు. కొన్నేళ్ల కిందట ఒక ఎండాకాలం, పిల్లలకు బట్టలు కొందామని అనంతపురం పోతూ బస్సులో నిలబడి ఉన్నాను. ఉన్నట్టుండి ఊపిరి ఆడలేదు. చేతులు తిమ్మిరెక్కాయి. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. బస్సు ఆపించి దిగి, రోడ్డు పక్కన కంకర కుప్ప మీద కూర్చున్నాను. ఫోన్ చేస్తే నా భర్త బండి మీద వచ్చి తీసుకుపోయాడు.

ఆసుపత్రిలో పరీక్షలు చేసి, గుండెకు ఏమీ లేదని, అది ఆందోళన అని డాక్టరు చెప్పాడు. మాత్రలు రాశాడు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం నలుగురికీ చెప్పుకోవడానికి ఒక జబ్బు పేరైనా లేకుండా పోయిందనిపించింది.

తర్వాత బస్సు ఎక్కలేకపోయాను. బస్టాండు దాకా పోయి తిరిగి వచ్చేదాన్ని. జనం ఎక్కువున్న చోటల్లా అదే వరస. పెళ్లిళ్లకు పోవడం మానేశాను. చర్చిలో తలుపు దగ్గరే కూర్చునేదాన్ని, లేచి బయటికి పోవడానికి వీలుగా. మా నాయన పొద్దున్నే మోకరించి ప్రార్థన చేయనిదే కూలికి పోయేవాడు కాదు. అలాంటి ఇంట్లో పుట్టి ఇట్లా భయపడడం నాకే తప్పుగా తోచేది. విశ్వాసం తగ్గితేనే ఇవన్నీ వస్తాయని చర్చి సంఘంలో ఒకామె అంది. ఉపవాసం ఉండమంది. ఉన్నాను. భయం పోలేదు, నీరసం తోడైంది.

తొలకరికి ముందు ఒకరోజు మా చర్చి పాస్టరు భార్య, పాస్టరమ్మ, మా ఇంటికి వచ్చింది. నేను మా కాస్త చేనికి విత్తనంగా వేసే చెనక్కాయలు ఒలుస్తున్నాను. ఆమె ఏమీ అడగకుండా పక్కన కూర్చుని తానూ ఒలవడం మొదలుపెట్టింది. చాలాసేపటికి నేనే చెప్పాను, భయం తీసెయ్యమని రోజూ దేవుణ్ణి అడుగుతున్నాననీ, ఆయన వినడం లేదనీ. ఆమె చేటలో గింజలు కదిపి, తాలు ఏరి పక్కన పెట్టింది.

"తీసెయ్యమని అడిగేది కొన్నాళ్లు ఆపు పాపా. భయంగా ఉండాదని ఆయనకు చెప్పు. అంతే చెప్పు."

అంతేనా అని అడిగాను. అంతేనంది. మాత్రలు మాత్రం మానొద్దని చెప్పి, లేచి పోయింది.

నాకు అది ప్రార్థనలాగే అనిపించలేదు. అయినా వంట చేస్తూ, బడికి నడుస్తూ ఆ మాటే చెప్పుకున్నాను. ఏమీ మారలేదు. కాకపోతే భయపడుతున్నందుకు సిగ్గుపడడం కొంచెం తగ్గింది.

ఆ వానాకాలంలోనే మా పెద్దమ్మకు కంటి పొర తీసే ఆపరేషన్ పడింది. అమ్మకు సొంత అక్క, మా వీధిలోనే ఒక్కతే ఉంటుంది. ఆమె కొడుకు బెంగళూరులో పనిలో ఉన్నాడు, సెలవు దొరకలేదు. అనంతపురానికి తోడు రమ్మని నన్ను అడిగింది. నేను బస్సు ఎక్కలేనని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

"నాకూ భయమే కదా, కంట్లో కత్తి పెడ్తారంట. ఇద్దరమూ భయపడుకుంటానే పోదాం పా."

పోయాం. ఊరు దాటగానే నాకు ఊపిరి బిగుసుకుంది. దిగిపోదామని లేవబోయాను. పెద్దమ్మ చెయ్యి వదల్లేదు. "ప్రభువా, ఈ పిల్లకు భయంగా ఉండాది, నాకూ ఉండాది" అని పైకే ప్రార్థన మొదలుపెట్టింది. ముందు సీట్లవాళ్లు తిరిగి చూశారు. కండక్టరు వచ్చి ఏమైందని అడిగితే, ప్రార్థన చేసుకుంటున్నామని చెప్పి ఆమె మళ్లీ అందుకుంది. నేనూ గొంతు కలిపాను. భయం పెరిగింది. ఇంకా పెరిగి, ఇక భరించలేననుకున్న చోట ఆగింది. తర్వాత మెల్లగా దిగింది. అది తనంతట తాను దిగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. ప్రతిసారీ దానికంటే ముందే నేను లేచి పారిపోతూ వచ్చాను.

ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయేటప్పుడు పెద్దమ్మ నా కొంగు పట్టుకుని వదల్లేదు. అప్పుడు ప్రార్థన నేను చేశాను. ఆమె చెప్పిన మాటలే చెప్పాను, కొత్తవేమీ తోచలేదు. మర్నాడు కట్టు విప్పాక ఆమె నా ముఖం పరీక్షగా చూసి, ఇంత చిక్కిపోయావని ఎవరూ తనకు చెప్పలేదేమని కోప్పడింది.

కొన్ని వారాల తర్వాత చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి నన్ను అందరి ముందూ సాక్ష్యం చెప్పమన్నారు. భయం పోయిందని చెప్పలేదు. అది వచ్చినప్పుడు దేవుడితో చెబుతున్నాననీ, ఇప్పుడు బస్సు దిగిపోవడం లేదనీ చెప్పాను. ఇంకా ఏదో వింటామనుకున్నవాళ్లు ఒకరినొకరు చూసుకుని, స్తోత్రం అన్నారు.

మాత్రలు డాక్టరే నెమ్మదిగా తగ్గించి ఆపేశాడు. భయం రావడం అరుదైంది. మొన్న కంబదూరులో మా చిన్నాన్న కూతురి పెళ్లికి బస్సులు మారుతూ ఒక్కదాన్నే పోయాను. దారిలో ఒకసారి భయం వచ్చింది. చెప్పాను. పోయింది. పెళ్లింట్లో పనికి మనుషులు చాలక నన్ను వడ్డనకు పెట్టారు. సాయంత్రం దాకా తలుపు దగ్గర కూర్చునే తీరిక దొరకలేదు.